పళ్ళెం మస్తాను

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే కుమిలిపోయాననుకోకండి. వేళకు తిన్నాను, హాయిగా పడుకున్నాను. సిగ్గులేని మనిషికి బరువు కూడా అలవాటైపోతుంది.

మస్తాను, నేను నరసరావుపేట నుంచి ఒకేసారి సైన్యంలో చేరాం. నాకు హిందీ ముక్క రాదు. వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి అక్కడ నా తరఫున వాడే మాట్లాడేవాడు. ఓపిగ్గా నాకూ నేర్పాడు.

సరిహద్దు కొండ మీద ఇద్దరం కాపలా ఉన్న ఒక సాయంత్రం అది కనిపించింది. నారింజ రంగు వెలుగు. చప్పుడు లేదు. కాసేపు కదలకుండా నిలిచి, సర్రున అడ్డంగా జరిగి మాయమైంది. మస్తాను ఉన్నది ఉన్నట్టు పై అధికారికి చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన నా వైపు తిరిగాడు. నాకు ప్రమోషన్ రావలసి ఉంది.

"కుచ్ నహీ దేఖా సాబ్."

ఏమీ చూడలేదని. తప్పు లేకుండా నేను పలికిన మొదటి హిందీ వాక్యం అదే. ఎంత చక్కగా నేర్పాడో పాపం!

మతి చెడిందని వాడిని ఇంటికి పంపేశారు. ఊళ్ళో బండ్లు బాగుచేసుకుంటూ బతికాడు. ఎగిరే పళ్ళెం చూశాడట అంటూ ఊరు వాడికి 'పళ్ళెం మస్తాను' అని పేరు పెట్టింది. రిటైరై వచ్చాక టీకొట్టు దగ్గర ఆ పేరు విని నేనూ పళ్ళికిలించాను. ఇప్పుడు అదే టీకొట్టు మేధావులు, ఆకాశంలో ఏదో చూశామని విదేశీ పైలట్లు చెప్పే వీడియోలను నోళ్ళు తెరిచి చూస్తున్నారు. తెల్లవాడు చెబితే సైన్సు, మన బండ్ల మెకానిక్ చెబితే పిచ్చి. థూ! అయినా వాళ్ళను అనడం దేనికి? వాళ్ళకు తెలియదు. నాకు తెలుసుగా?

మొన్న నా స్కూటర్ బాగుచేస్తూ మస్తాను తలెత్తకుండానే అడిగాడు.

"అన్నా, ఆ రోజు 'అటు చూడరా' అని నువ్వే అన్నట్టు నాకు బాగా గుర్తు. అదీ నా భ్రమేనా?"

"నేనేం అన్లేదురా. ఇంకా ఆ గోలేంది నీకు?"

"అట్నా. ఐతే నా కళ్ళే కాదు, చెవులూ మోసం చేసినయ్. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదుగా."

నా మొహాన ఉమ్మేసినా బాగుండేది. నాలాంటి పిరికి వెధవను నమ్మి, వాడు తనను తాను నమ్మడం మానేశాడు. ఈసారి నాకేం పోయేది? ఏ ప్రమోషన్? వీధిలో 'మిలిటరీ బాబాయ్' అనే పిలుపు పోయేది, అంతే. దానికే మళ్ళీ అబద్ధమాడాను. వాడికి చెప్పే దమ్ము ఇవాళ్టికీ లేదు. ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను.

మస్తాను కళ్ళు మంచివే. చెవులూ మంచివే. ముందు చూసింది నేను. "ఒరేయ్, అటు చూడరా" అని వేలు పెట్టి చూపించింది నేనే.