దీపం లెక్క అడిగినవాడు

ఆదివారం, తొమ్మిదో రోజు.

నా మరిది పోయాడని కబురు వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మనవరాలి ఇంటర్వ్యూ అయ్యేదాకా ఉంటానని నా ముందు మాటిచ్చాడు. పన్నెండు రోజుల ముందే పోయాడు. తర్వాత ఆయన మాత్రల డబ్బా తీసి చూశాను. రోజూ వేసుకుంటున్నానని చెప్పిన పట్టీలో పదికి తొమ్మిది అలాగే ఉన్నాయి.

రేపు దశదినకర్మ. అచ్చుకు పంపబోయే కరపత్రంలో ఆయన్ని 'మృదుస్వభావి' అని రాశారు. అది అబద్ధం. పైగా ఇంటర్వ్యూకు పోనని మనవరాలు పిలుపు కాగితం మడిచి బీరువాలో పెట్టింది. ఈ రెండింటి కోసమే రాస్తున్నాను.

ఆయన గనిలో సర్దార్. కార్మికులు పనిలోకి దిగేముందు పైకప్పును కట్టెతో తట్టి చూసే మనిషి. గట్టి చప్పుడొస్తే పొమ్మంటాడు, డొల్ల చప్పుడొస్తే ఆపుతాడు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా దర్వాజను కట్టెతో రెండుసార్లు తట్టి గాని లోపలికి వచ్చేవాడు కాదు. రంగు పోతోందని ఎన్నిసార్లు చెప్పానో. సాసరులో టీ పోసుకుని వీధంతా వినిపించేలా జుర్రేవాడు. నా వంటను ఇన్నేళ్లలో ఒక్కసారే మెచ్చుకున్నాడు: "ఉప్పు సరిపోయింది వదినె."

నా కొడుకు ఆరోగ్యం పాడై గని పనికి పనికిరాడని తేల్చాక, అతని బదులు నా మనవరాలికి కంపెనీలో మజ్దూర్ ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్లుగా లాంప్ రూములో పని. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు దీపం ఇచ్చి, షిఫ్టు దిగాక తిరిగి తీసుకుని కొక్కానికి తగిలించాలి. ఆ పని చేస్తూనే దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసింది. పేరున్న బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకుంది.

నేను ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. పిల్లకు సీటొచ్చే అవకాశం ఎంతుందో కాగితం మీద రెండు గళ్లు గీసి తేల్చాను. అనుకూలం గడిలో పదో తరగతి, ఇంటర్, ప్రవేశ పరీక్ష. ప్రతికూలం గడిలో దూరవిద్య, ఊరు, మజ్దూర్ ఉద్యోగం. హైదరాబాద్ కోచింగ్ సెంటర్ సలహాదారు కూడా ఫోన్లో అదే అన్నాడు. దరఖాస్తులో తన గురించి రాసేచోట లాంప్ రూము మాట ఎత్తొద్దు, కార్యాలయ నిర్వహణ అని రాయమన్నాడు. పిల్ల అలాగే రాసింది.

మరిది ఆ రాతను తెలుగులో చెప్పించుకున్నాడు.

"ఇది ఎవల గురించి బిడ్డా?"

"నా గురించే తాతా."

"నువ్వు గీ మనిషివైతే నేను కలెక్టర్ను."

తర్వాత నా కాగితాన్ని కట్టెతో తట్టాడు. "డొల్ల మోగుతాంది వదినె."

"లెక్క ఎక్కడ తప్పిందో చూపియ్యి, తర్వాత మోగియ్యి."

"గని మొఖం ఎన్నడన్న చూసినవా నువ్వు?"

"చూడలే. నీ మొఖం చూసిన, చాలు."

ఆయన నవ్వలేదు. పిల్ల వైపు తిరిగాడు. "ఆ పొద్దు దీపం సంగతి బాపమ్మకు చెప్పినవా?"

"అదేం పెద్ద సంగతి తాతా, డ్యూటీ."

చెప్పలేదు. ఆయనే చెప్పాడు. ఒకరోజు షిఫ్టు దిగాక ఒక కొక్కెం ఖాళీగా ఉంది. ఎవరో దీపం ఇంటికి పట్టుకుపోయి ఉంటాడు, అన్నీ వచ్చాయని రిజిస్టర్ మీద సంతకం పెట్టెయ్యి అని పై అధికారి గద్దించాడు. పిల్ల పెట్టలేదు. "దీపం రాకుంటే మనిషి రానట్టే సార్" అని కుర్చీలోంచి లేవలేదు. చివరికి గని కిందికి ఫోన్ చేసి వెతికిస్తే, కాలు మెలిపడి నడవలేక కూర్చున్న మనిషి దొరికాడు.

"గిది ఏ గడిల రాసినవ్ వదినె?" అని అడిగాడు మరిది.

మజ్దూర్ అనే మాట ప్రతికూలంలో ఉంది. నేనే రాశాను, నా దస్తూరీతో. గనుల ఊళ్లో బతుకుతూ, ఇంటాయన గని జీతం తిని బిడ్డల్ని పెంచి, గని పనిని సిగ్గుపడాల్సిన గడిలో వేశాను. ఆ తప్పు సలహాదారుడిది కాదు, నాది. అది పట్టుకున్నందుకు మరిదిని నేను ఇంకా క్షమించలేదు.

"చూసింది రాయి, చూడంది రాయకు" అని పిల్ల ముందు కూర్చుని మూడుసార్లు తిరగరాయించాడు. సర్దార్ రిపోర్టు అలాగే రాస్తాడట. ఆ రాతకే ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది.

దహనం అయిన మర్నాడు పిల్ల అంది, "నేను పోను బాపమ్మా. నాకు ధైర్యం చెప్పేటాయనే లేడు."

"ఆయన ఎన్నడు ధైర్యం చెప్పిండే? తిట్టిండు. ఆ పని నాకూ వస్తది" అన్నాను.

నా లెక్క దాచను. సీట్లు కొద్ది, దూరవిద్య అనే లోటు అలాగే ఉంది, అవకాశం ఇప్పటికీ సగం కంటే తక్కువ. పోకపోతే సున్నా. సున్నాకు లెక్కల టీచరు అక్కర్లేదు.

ఇక జరగాల్సినవి:

1. కరపత్రంలో 'మృదుస్వభావి' కొట్టేసి, 'కోపిష్టి, చూడనిది రాయనిచ్చేవాడు కాదు' అని వేయాలి.

2. మంగళవారం పిల్ల సెలవు చీటీ పెట్టాలి. ఉద్యోగానికి రాజీనామా మాత్రం సీటు కాగితం చేతికొచ్చాకే.

3. గురువారం హైదరాబాద్ ఇంటర్వ్యూలో ఏం పని చేస్తావని అడిగితే, మొదటి మాట లాంప్ రూము కావాలి. తల దించితే నాకు తెలుస్తుంది.

4. ఆయన కట్టెను గడప బయట ఆనించి పెడతాను. పిల్ల హైదరాబాద్ నుంచి వచ్చాక, అక్కడ ఏం జరిగినా సరే, దాంతో దర్వాజను రెండుసార్లు తట్టి లోపలికి రావాలి. ఆ చప్పుడు వినేదాకా నేను గడియ వేయను.