కనుమకి అవతల

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో నడిచేవాళ్లుండరు. ఎనభైల్లో మరీను. వీపు సంచీలో బియ్యం నింపుకుని నేను మా వీధి చివరిదాకా వెళ్లేలోపు ఏదో ఒక కారు పక్కన ఆగేది, పాపం కారు చెడిపోయి నడుస్తోందనుకుని. నాకసలే ముక్కు మీద కోపం. మొదటిసారి "నో, థాంక్స్" అనేదాన్ని. రెండోసారి అడిగితే జవాబే చెప్పేదాన్ని కాదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అస్సాం నుంచి బర్మాకి అడవుల్లో రోడ్డు వేసిన అమెరికన్ సిపాయిలు కొందరు మా చుట్టుపక్కల ఉండేవారు. ముసలివాళ్లయ్యారు. పోయేలోపు ఆ దారిని ఒకసారి నడవాలని జట్టు కట్టారు. పర్మిషన్ వస్తుందో రాదో తెలియకుండానే తయారీ మొదలుపెట్టారు. నేను వాళ్ల వెంటపడి మరీ చేరాను. వాళ్లు రోడ్డు వేయకముందే ఆ అడవిలో మా తాతయ్య, అమ్మమ్మ, చిన్నపిల్లగా మా అమ్మ నడిచారు, రంగూన్ మీద బాంబులు పడితే పారిపోయి వస్తూ. అస్సాం చేరింది తాతయ్యా, అమ్మా మాత్రమే. అమ్మమ్మ దారిలో జ్వరంతో పోయిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఎక్కడ పోయిందో అడిగితే అమ్మ లేచి వెళ్లిపోయేది. తాతయ్య ఎప్పుడో పోయాడు కాబట్టి ఆ చోటు తెలిసిన మనిషి లోకంలో అమ్మ ఒక్కతే. దాన్ని కళ్లతో చూసి రావాలని నా పంతం.

ఆ చలికాలం అమ్మ మా దగ్గరే ఉంది. బయట వారాల తరబడి ముసురు, ఇంట్లో అమ్మ మౌనం. కొత్త బూట్లు కాళ్లకి అలవాటు పడాలని నేను వంటింట్లో కూడా వాటితోనే తిరుగుతుంటే ఆమె మొహం తిప్పుకునేది. ఒకరోజు జలగల కోసం ఉప్పు పొట్లాలు కడుతున్నాను. అమ్మ నా వెనక నిలబడి, "ఉప్పు వానకి కరిగిపోతుందే. పొగాకు నానబెట్టిన నీళ్లు మేజోళ్లకి పట్టించు," అంది.

ఆ దారి గురించి ఆమె నోటి వెంట నేను విన్న మొదటి మాట అది. "ఇంకా చెప్పమ్మా," అన్నాను ఆశగా. "ఇంకేముంది," అని వెళ్లి టీవీ ముందు కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

శనివారాలు పార్కులో ప్రాక్టీసు. అప్పట్లో బుల్‌డోజర్ నడిపిన పెద్దాయన మా జట్టుకి నాయకుడు. అడవిలో అందరూ ఒకే గిన్నెలో వండుకు తినాలని ఆయన రూలు. ఆ గిన్నెలో మాంసం ఉడుకుతుంది, నాకు కుదరదన్నాను. "ఆకలేస్తే నువ్వే తింటావు," అని నవ్వాడు. చిర్రెత్తుకొచ్చింది. తిరిగొస్తూ దారిలో ఆగి చిన్న స్టవ్, ఒక గిన్నె కొన్నాను. ఇంటికొచ్చి అటుకులు, పెసరపప్పు, కందిపొడి పొట్లాలు కట్టి డైనింగ్ టేబుల్ మీద పేర్చాను.

మా అమ్మమ్మ మడి గురించి తాతయ్య కథలుగా చెప్పేవాడు. అమ్మ అందుకు పూర్తిగా భిన్నం. ఎవరింట్లో ఎవరు వండి పెట్టినా తినేది. అందుకు మా నాయనమ్మ ఆమెని ఏళ్ల తరబడి సాధించింది కూడా.

"చూశావా అమ్మా, ఈ స్టవ్ నాకు సెపరేట్. వాళ్ల గిన్నె ముట్టుకుంటే ఒట్టు," అన్నాను గొప్పగా. "పస్తైనా ఉంటాను. అమ్మమ్మ మనవరాలిని కదా!"

అమ్మ కుర్చీలో కూలబడింది.

"మా అమ్మ జ్వరంతో పోలేదే," అంది.

నేను చేతిలో పొట్లం కింద పెట్టేశాను.

"కనుమ ఎక్కబోయే ముందు ఏరు పొంగింది. ఒడ్డున వెదురు పాకల్లో ఆగిపోయాం. తెచ్చుకున్న బియ్యం అయిపోయాయి. మిలటరీవాళ్లు గుండిగల్లో అన్నం వండి అందరికీ పెడుతున్నారు. జ్వరం నాన్నకి. ఒళ్లు కాలిపోతోంది. అందుకని నేనే వెళ్లి ఆకులో అన్నం తెచ్చాను. ఎవరు వండారే అని అడిగింది అమ్మ."

"నువ్వేం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను. ఎవరో సిపాయిలు, పక్క గుండిగలో మాంసం ఉడుకుతోందని. ఆకు నా వైపు జరిపి, నువ్వూ నాన్నా తినండి అంది. తిన్నాం. మర్నాడూ అడిగింది, మర్నాడూ అదే చెప్పాను. ఏరు తగ్గేసరికి ఇక లేవలేదు."

మా నడక సరిహద్దు కనుమ దాకానే. దాటితే బర్మా, అటు అడుగు పెట్టనివ్వరు. ఆ ఏరు ఎటువైపని అడిగాను.

"అవతల," అంది అమ్మ.

నెలల తరబడి మోసిన బరువంతా దండగ. ఎంత నడిచినా నేనక్కడికి చేరను. నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఏడవలేదు. ఆమెని అలా చూడలేక ఏదో ఒకటి అనాలని, "నువ్వేం చేస్తావమ్మా, చిన్నపిల్లవి," అన్నాను. "మనవాళ్లే వండారని చెప్పినా ఆ అడవిలో ఆవిడ నమ్మేదా?"

"నమ్మేది," అంది అమ్మ. "మా పిల్ల అబద్ధం ఆడదని అందరికీ చెప్పుకునేది."