టైలర్ కొట్టడానికి ముందు వదిలేసిన బంతి

మా చిన్నప్పుడు... అమెరికాలోని క్యారీ ఊళ్లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, సాయంత్రం కార్లు వచ్చేలోపు, నాన్న, కాళ్లు తుడుచుకునే పట్టా ఒకటి నేలమీద పరిచి, దాని పక్కన నన్ను బ్యాట్‌తో నిలబెట్టేవాడు. దూరం నుంచి టెన్నిస్ బంతి విసిరేవాడు. నేను కొట్టకూడదు. చూడాలి. పట్టా మీదుగా వస్తోందా, పక్కగా పోతోందా... అంతే.

నాన్న కాలేజీలో క్రికెట్ ఓపెనర్. వికెట్ల బయటికి పోయే బంతిని ముట్టుకోకుండా వదిలేయడం ఆయన విద్య. బేస్‌బాల్‌కీ అదే చాలనుకున్నాడు. మొదటి మ్యాచ్‌లో బేస్ మీదుగా, మోకాళ్లకీ ఛాతీకీ మధ్య మూడు మంచి బంతులొచ్చాయి. మూడూ వదిలేశాను... బ్యాట్ కదపకుండానే అవుట్. క్రికెట్‌లో అలా వదిలేస్తే నష్టం లేదు. ఇక్కడ ఉంది. మర్నాడు నాన్న కత్తెర తీసుకుని పట్టాను సరిగ్గా బేస్ వెడల్పుకి కత్తిరించాడు. అమ్మ తిట్టింది.

ఆ తర్వాత ఆట పట్టుబడింది. నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే మొదటి బేస్‌కి ఊరికే నడిచి వెళ్లవచ్చు. ఆ సీజనంతా నేను నడుస్తూనే ఉన్నాను. గట్టిగా కొట్టింది ఒక్కటీ లేదు. టీమ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే.

మైదానం పక్కన హాట్‌డాగ్‌లు అమ్మే గది ఉండేది. దాని గోడకి పెద్ద చెక్క బోర్డు. మా టీమ్‌లో బాగా ఆడినవాళ్లు, ఏడాదికి ఒక్కరి పేరు, దాని మీద రంగుతో రాసేవారు. పై వరసలోని వాళ్లు కొందరు అప్పటికే పెళ్లిళ్లయి, పిల్లల్ని తెచ్చి తమ పేరు చూపించేవారు. నా పేరూ అక్కడ ఉండాలని నాకు చాలా కోరిక. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఫైనల్‌కి అమ్మ మరచెంబు నిండా నీళ్లు, డబ్బాలో మరమరాలు తెచ్చింది. నాన్నతో ఆఫీసులో పనిచేసే శ్రీను అంకుల్ కూడా వచ్చాడు. ఆఖరి ఇన్నింగ్స్. ఒక్క పరుగు వెనకబడ్డాం. ఇద్దరు అవుట్, మూడోది పడితే ఆట అయిపోయినట్టే. మూడు బేస్‌ల మీదా మావాళ్లే. నా వంతు.

మూడు చెడ్డ బంతులు వదిలాను. రెండు మంచివీ పోయాయి. ఇక ఒక్క బంతి... అటో, ఇటో.

అప్పుడు నాన్న గొంతు వినిపించింది. "కొట్టెయ్ బుజ్జీ! కొట్టెయ్!"

సీజనంతా "చూడు, చూడు" అన్న మనిషి. విసిరేవాడంటే నాకు భయం వేయలేదు. నాన్న గొంతులోని వణుకంటే వేసింది. ఆయనకే నమ్మకం పోతే నేనేం చేయాలి?

బంతి వచ్చింది. మోకాళ్ల కిందికి దిగింది. నేను కదల్లేదు. అంపైర్ చెయ్యి లేవలేదు. చెడ్డ బంతే. నాకు చోటివ్వడానికి ఒక్కొక్కరూ ముందుకి జరిగారు, మూడో బేస్‌లో ఉన్నవాడు లోపలికి వచ్చేశాడు. స్కోరు సమం.

నడుస్తూ వెనక్కి చూశాను. నాన్న రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉన్నాడు. అమ్మ ఆయన మోచెయ్యి లాగి చూడమని చెబుతోంది.

నా తర్వాత టైలర్. సగం ప్రాక్టీసులకు రానివాడు. సీజన్లో ఎక్కువగా అవుటే. మొదటి బంతికే బ్యాట్ ఊపాడు. బంతి అందరి తలల మీదుగా పోయి గడ్డిలో పడింది. గెలిచాం. అందరూ వాడి మీద పడ్డారు. నేనూ పరుగెత్తాను.

బోర్డు మీద రాసే పేరు కోచ్ చెప్పేలోపు పెద్దవాళ్లు కార్ల దగ్గర నిలబడ్డారు.

"ఏందన్నా, మొకం అట్ల పెట్టినవ్? గెల్సిన్రు గద!" అన్నాడు శ్రీను అంకుల్.

"పేరెవరిది రాస్తారంటావ్ శీనూ?"

"ఇంకెవనిది, ఆ టైలర్‌గానిదే. ఫైనల్ల కొట్టినోడే ప్లేయర్. మన క్రికెట్ల గూడ అంతే. కప్పు తెచ్చిన షాటే యాదుంటది."

"మరి స్కోరు సమం చేసిందెవరు? సీజనంతా బేస్ మీదున్నదెవరు?"

"నడ్సుడు గూడ ఆటేనా అన్నా? నేను పొద్దుగాల రోజూ నడుస్త. నా పేరు గూడ రాయమను!"

అమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు. నేను మరచెంబు మూత బిగిస్తూ, విప్పుతూ నిలబడ్డాను.

కోచ్ ముందు నా దగ్గరికే వచ్చి ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చున్నాడు. పేరు నాది కాదని అప్పుడే తెలిసిపోయింది. "ప్రతి ఆటలోనూ నువ్వు ఉపయోగపడ్డావు. కానీ జనం ఈ రోజు కొట్టిన షాట్ గురించే చెప్పుకుంటారు" అన్నాడు. తర్వాత టైలర్ పేరు గట్టిగా చదివాడు. చప్పట్లు కొట్టాను.

టైలర్ నా పక్కకి వచ్చి, "ఆ బంతి ఎలా వదిలావ్? నేనైతే ఊపేసేవాణ్ని" అన్నాడు. ఆ మాట ఇంకెవరూ వినలేదు.

కార్‌లో అడిగాను. "నాన్నా, స్వింగ్ చేస్తే నా పేరు ఉండేదా?"

"అవుటయ్యేదానివి."

"మేబీ కొట్టేదాన్ని కదా?"

సిగ్నల్ పచ్చబడగానే నాన్న కారు ముందుకి పోనిచ్చాడు.

మరుసటి ఏడాది వచ్చిన ప్రతి బంతికీ బ్యాట్ ఊపాను. పైన పోయేదానికీ, నేలకి తగిలేదానికీ. వరసగా అవుట్లు. నాన్న స్టాండ్‌లో కూర్చునేవాడు గానీ "చూడు" అనడం మానేశాడు. సీజన్ చివర్లో నాకే వదిలేయాలనిపించింది... చేతులు ఆగలేదు. ఆ తర్వాత ఆడలేదు.

పెద్ద లీగుల్లో ఎవరైనా రిటైరైతే ఇప్పటికీ ఇదే గొడవ. ఏళ్ల తరబడి ఆడినవాడు గొప్పా, ఫైనల్స్‌లో నిలబడి కొట్టినవాడు గొప్పా అని. టైలర్‌ది తక్కువని నేను అనను. అంత ఒత్తిడిలో కొట్టడం అందరివల్లా కాదు. నాకు తెలుసు. కానీ వాడు కొట్టేసరికి ఆట ఇంకా మిగిలి ఉండాలి కదా.

ఆ రోజుల్లో మా చేతుల్లో ఫోన్లు లేవు. ఇప్పుడు పిల్లల ఆటలు కూడా వీడియోలే. అందులో కొట్టినవే ఉంటాయి... నడిచి వెళ్లినవి కత్తిరించేస్తారు.

మీ చిన్ననాటి ఆటల్లో అలా కత్తిరింపులో పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? గుర్తుంటే పేరుతో సహా చెప్పండి.