చెవి మిషనులోని సెల్లు

ఈ సాయంత్రం టీవీ రిమోటు పనిచేయకపోతే వెనుక మూత తీశాను. లోపల పెన్సిల్ సెల్లులు లేవు. మా బాబు వాటిని తన ఆటబొమ్మలో వేసుకున్నాడు. తిట్టబోయినదాన్ని ఆగిపోయాను.

నా తొమ్మిదో ఏట మా చిన్నాయన దుబాయి నుంచి వీడియో గేమ్ తెచ్చాడు. అరచేతిలో పట్టేంత తెర, పైనుంచి దిగే విమానాలు, కింద నా తుపాకీ. బొత్తాం నొక్కితే టిక్ టిక్‌మని కాల్చేది. కళ్లు మూసుకున్నా విమానాలు దిగుతూనే ఉండేవి. వారానికే దాని సెల్లు అయిపోయింది.

మా తాత కాజీపేటలో రైలింజన్ల షెడ్డులో పనిచేసి చెవుడు తెచ్చుకున్నాడు. ఆయన చొక్కా జేబులో ఉండే చెవి మిషనులోనూ అలాంటి సెల్లే. ఆయన స్నానానికి వెళ్లగానే మార్చేశాను. నా పాత సెల్లును రెండు రోజులు ఎండలో పెట్టాను కనుక అది బాగైపోయిందనే అనుకున్నాను.

తాత అరుగు మీదికి పోవడం మానేశాడు.

"ఏందయ్యా, దోస్తులు పిలుస్తాండ్రు గద?" అని నానమ్మ చెవి దగ్గర అరిచింది.

"నా చెవులు మొత్తం పోయినయే. వాళ్లు నవ్వుతాంటే, ఎందుకో తెల్వకుంట నేను గూడ నవ్వాల్నా?"

నాకు భయమేసి ఆయన సెల్లు ఆయనకు పెట్టేశాను.

"బిడ్డా, ఇనబడ్తాంది! కుక్కర్ కూత గూడ ఇనబడ్తాంది!" అంటూ తాత నన్ను దగ్గరకు లాక్కున్నాడు. జేబులోని మిషను నా చెంపకు గట్టిగా తగిలింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నేను మాత్రం ఆ సెల్లులో ఇంకా ఎన్ని ఆటలు మిగిలాయో అని ఆలోచిస్తున్నాను.