హోరు వినిపించిన ఇల్లు

మొన్న మా అల్లుడి కారులో బోధన్ వైపు వెళ్తుంటే, అంతసేపూ తేటగా వస్తున్న ఎఫ్ఎం పాట ఒక్కసారిగా హోరులో మునిగిపోయింది. అల్లుడు విసుగ్గా దాన్ని ఆపేశాడు గానీ, నాకు మాత్రం బీడీలు చుట్టే ఒక అక్క గుర్తొచ్చి తల దించుకోవాలనిపించింది.

అప్పట్లో నాకు నిజామాబాద్‌లో రేడియోలు అమ్మి, బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. మన కాలంలో మెకానిక్ మాటంటే డాక్టరు మాటే కదా, ఆ గర్వం నాకూ కొంచెం ఎక్కువే. చెరుకు తోటల మధ్య ఊరి నుంచి వచ్చిన ఆ అక్క, మంచం పట్టిన తల్లి కోసం నా దగ్గరే ఒక ఎఫ్ఎం సెట్టు కొనుక్కుపోయింది. వారం తిరక్కుండానే, ఇంట్లో ఒకటే హోరని బస్సెక్కి వెనక్కి తెచ్చింది. నా బల్ల మీద పెడితే చక్కగా పాడింది. మళ్లీ తెచ్చింది, మళ్లీ పాడింది. మూడోసారి దుకాణం నిండా గిరాకీ ఉండగా, "రేడియో మంచిగనే ఉన్నదక్కా, నీకే తిప్పుడు రాదు" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె సెట్టును కొంగులో చుట్టుకొని వెళ్లిపోయింది.

తర్వాత ఆ ఊళ్లో పెళ్లికి వెళితే, ఆమె చూసి ఇంట్లోకి పిలిచింది. పల్లంలో, రేకుల కప్పు కింద ఇల్లు. నేనే తిప్పాను, హోరు తప్ప ఏమీ రాలేదు. మీడియం వేవ్ స్టేషన్ అయితే దూరం పెరిగేకొద్దీ పాట మెల్లమెల్లగా సన్నబడుతుంది. ఎఫ్ఎం అలా కాదు, సిగ్నల్ తగ్గుతున్నా చాలాదాకా బాగానే పాడి, ఒక హద్దు దాటగానే ఉన్నట్టుండి హోరైపోతుంది. ఇది నేను చదువుకున్నదే. సెట్టు చెడలేదు, ఆమె చేతిలోనూ లోపం లేదు. అంత దూరాన, ఆ రేకుల కింద అందుకునే శక్తి దానికి లేదు, అంతే. అమ్మేటప్పుడు ఊరెక్కడని అడగవలసింది నేను.

సెట్టు ఏరియల్ నుంచి రేకుల మీదికి ఒక తీగ లాగి కట్టగానే పాట వచ్చింది. మంచంలోని ముసలి తల్లి బోసినోటితో నవ్వింది.

"సూసినవా అవ్వా, రేడియో మంచిదే. నాకే తిప్పుడు రాలే" అని అక్క తల్లితో సంబరంగా అని, నావైపు తిరిగి, "తప్పయింది అన్నా, నిన్ను ఊకె సతాయించిన" అంది.

తప్పు నాదని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. నేను చాయ్ తాగి, ఆమె దండం అందుకొని వచ్చేశాను.

ఇప్పుడా దుకాణాలూ లేవు, చేతిపనివాళ్ల మాటకు ఆ విలువా లేదు. మునుపటిలా మనుషులు మనల్ని నమ్మడం లేదని నా ఈడు మిత్రులు వాపోతుంటారు. కానీ ఆ నమ్మకాన్ని పాడుచేసినవాళ్లలో నేనూ ఒకణ్ని.