చెంగయ్య మావ మొదటి పళ్లెం

పుట్టగొడుగు దొరికిన రోజు మా చెంగయ్య మావ ఒక్కడే తింటాడు. చాటుగా కాదు. వీధరుగు మీద బాసింపట్టు వేసుకొని, పదిమంది చూస్తుండగా, మెతుకు మిగల్చకుండా, ముద్దకొక "ఆహా" అంటూ తింటాడు. ఎవరడిగినా ఆయన ఇచ్చేది ఒకటే మాట: "రేపు రా."

మా ఊరు నెల్లూరు జిల్లా బోగోలు దగ్గర. అక్టోబరులో వానలు పట్టుకొని నాలుగు ఉరుములు ఉరిమాయంటే సరుగుడు తోపుల అవతల పశువుల బీడులో పుట్టగొడుగులు లేస్తాయి. అన్నీ గొడుగుల్లా ఉండవు. కొన్ని కాడ లేకుండా, తెల్లగా, బంతిలా ఉంటాయి. చిన్నది కొబ్బరికాయంత ఉంటే పెద్దది గుండు చేయించుకున్న మనిషి తలంత ఉంటుంది. వాటి జాడ పట్టడంలో చెంగయ్య మావను మించినవాడు మా చుట్టుపక్కల లేడు. పక్కింటివాళ్లం కాబట్టి మావ అని పిలుస్తాము గానీ చుట్టరికం ఏమీ లేదు.

ఒకసారి పెద్ద బంతినొకదాన్ని తువ్వాల్లో చుట్టి, గుండెకు ఆనించుకొని ఆటో ఎక్కాడు. పక్కనున్న ఆమె జరిగి చోటిచ్చింది.

"ఎన్నో నెలయ్యా?"

"మొన్నటి ఉరుముకు పుట్టిందమ్మా."

"అయ్యో, పచ్చి బిడ్డనా ఇట్ల తిప్పతా ఉండావు! చలిగాలి తగలదా?"

"దీనికి చలే మంచిది."

ఆమె ముద్దు చేద్దామని తువ్వాలు తొలగించి కెవ్వుమంది. ఆటో ఆగింది. మావ మాత్రం "నలిగిందేమో" అని బంతిని తడుముకున్నాడు.

ఇంటికి రాగానే పరీక్ష మొదలవుతుంది. కత్తిపీట మీద నిలువునా రెండు చెక్కలు చేస్తాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఇడ్లీలా తెల్లగా ఉంటే పాసు. కొంచెం పసుపు తిరిగినా ఫెయిలే. లోపల ముడుచుకున్న గొడుగు బొమ్మలాంటి గీత కనబడిందా, ఇక దాన్ని చేత్తో కూడా ముట్టనివ్వడు. ఒక ఏడాది తొమ్మిది తెచ్చి తొమ్మిదీ గుంట తీసి పూడ్చాడు. "పుట్టగొడుగులకు కూడా శ్మశానం పెట్టినాడురా మీ మావ" అని వీధంతా నవ్వింది.

పాసైనదాంట్లో చాలా భాగం తడిగుడ్డలో చుట్టి దాచేస్తాడు. ఒక్క ముక్కను మాత్రం ఆయన భార్య పెంచలమ్మత్త తోలు తీసి, తరిగి, ఎర్రగడ్డలు, మిరియాలు, ధనియాల పొడి వేసి ఇగురు పెడుతుంది. ఆ వాసనకు వీధిలో జనం ఏదో పని ఉన్నట్టు అటూ ఇటూ నడుస్తారు.

"మావా, ఒక్క ముక్క?"

"రేపు రా."

"పిల్లోడు ఏడస్తా ఉండాడు మావా."

"రేపు ఏడవమను."

మండలాఫీసు గుమాస్తా నరేంద్రబాబు గారికి కూడా అదే జవాబు దొరికింది. ఆయన నొచ్చుకున్నాడు. "రేపు రమ్మని జనానికి చెప్పేది మేము గదయ్యా, మాకే చెప్తావా?"

మర్నాడు మిగిలినదంతా ఆకుల్లో పెట్టి ఇంటింటికీ తానే పంచేవాడు. అయినా మంచిపేరు రాలేదు. తాజాది తాను మింగి, వాడిపోయింది మనకు పంచుతాడని అందరూ అనుకునేవారు. నేనూ అనుకున్నాను.

నిరుడు వానల్లో మా అమ్మ మగ్దలీనమ్మకు విషజ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ నోటి రుచిని కూడా వెంట తీసుకుపోయింది. ఏది పెట్టినా "మన్ను తిన్నట్టుండాదిరా" అని పక్కకు నెట్టేది. మా పెంచలమ్మత్త చేపల పులుసు వండి తెచ్చింది. మామిడికాయ వేసి, మట్టిచట్టిలో ఒక రోజు ఊరనిచ్చిన పులుసు. అమ్మ దాన్ని కూడా వద్దంది. నెల్లూరు మనిషి చేపల పులుసు వద్దనడంతో మాకు అసలైన భయం పట్టుకుంది. మనిషి చీపురుపుల్లలా అయిపోయింది. తిండి లోపలికి పోకపోతే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు చెప్పాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ తనంతట తానే నోరు తెరిచింది. "హెబ్రోనూ, చెంగయ్య పుట్టగొడుగు ఇగురైతే రెండు ముద్దలు తింటానేమోరా."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. ఆయన అరుగు మీదే ఉన్నాడు. ముందర పళ్లెం, పళ్లెంలో పొగలు కక్కే ఇగురు.

"మావా, అమ్మ అడగతా ఉండాది. మూడు రోజులుగా మెతుకు ముట్టలా."

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "రేపు పొద్దున తెస్తా."

"రేపటికి ఉంటాదో ఉండదో మావా! ఒక్క ముక్క!"

"రేపు," అని ముద్ద నోట్లో పెట్టుకొని "ఆహా" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. "బాగా తిను మావా, నీ కడుపు పగలా!" అని పెద్దాయనని కూడా చూడకుండా అనేశాను. అడిగితే ఇవ్వనివాడి ఇంట్లో తీసుకుంటే తప్పులేదనుకొని, సందులోంచి వెనక వాకిలికి పోయాను.

అక్కడ నేను చూసింది వంట గిన్నెను కాదు, చెంగయ్య మావను. పళ్లెం ఖాళీ చేసి పెరట్లోకి వచ్చాడు. కళ్లనిండా నీళ్లు. పెంచలమ్మత్త చేతిలోంచి ఉప్పూ చింతపండూ లాక్కొని నోట్లో వేసుకొని, ఆముదం తాగిన పిల్లాడిలా ఒళ్లంతా విదిలించాడు.

"ఏందత్తా ఇది?"

అత్త నవ్వాపుకోలేకపోయింది. "ఇంకేం దాస్తాంలే. మీ మావకు పుట్టగొడుగంటే డోకు. రబ్బరు చెప్పు నమిలినట్టుంటాదంట."

"మరి ఆ ఆహాలు?"

"మొహం చిట్లిస్తే రేపు ఎవురు తింటారు?" అన్నాడు మావ, పుక్కిలించి ఉమ్మేసి. "బీడులో దొరికే సరుకబ్బయ్యా. కోసి చూస్తే తెలుస్తాది, అయినా నా కండ్లు నాకే నమ్మకం లేదు. ఒక రాత్రంతా నా కడుపులో ఉండనీ. నాకేం గాకపోతే అప్పుడు మీ అమ్మకు. అసలే బలం లేని మనిషి మీద పరీక్ష పెడతామా?"

"ఆ మాట జనానికి చెప్పొచ్చు గదా?"

"చెప్తే ఒకడు 'నేను తింటా', ఇంకొకడు 'నేను తింటా' అని వస్తారు. కక్కుర్తోడు అనుకుంటే తిట్టుకొని ఇంటికి పోతారు. ఎవురికీ నష్టం లేదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "ఇకనుంచి మొదటి పళ్లెం నేను తింటా మావా. నాకు ఇష్టం కూడా."

"అందుకే నువ్వు పనికిరావు. ఇష్టమున్నోడు తేడా ఉన్నా మింగేస్తాడు. ఇష్టం లేనోడి నాలికే సరిగ్గా కాపలా కాస్తాది."

మర్నాడు పొద్దున్నే ఆయన గిన్నెతో మా ఇంటికొచ్చాడు. రాత్రంతా ఏమీ కాలేదనడానికి సాక్ష్యంగా గుమ్మంలో రెండు గుంజీలు కూడా తీశాడు. అత్త అన్నం కలిపి అమ్మ నోటికి అందించింది. ఒక ముద్ద పోయింది. మేమందరం ఆమె గొంతు వైపే చూస్తున్నాము. రెండో ముద్ద పోయింది. అమ్మ మొహం చిట్లించింది.

"పెంచలమ్మా, ఉప్పు చాల్లేదే!"

అత్త వంటలో ఎవరైనా వంక పెడితే వారం రోజులు మాట్లాడదు. ఆ రోజు మాత్రం కళ్లు తుడుచుకుంటూ ఉప్పు డబ్బా కోసం పరుగెత్తింది. ఉప్పు తెలిసిందంటే నోటికి రుచి వచ్చినట్టే. అమ్మ ఆ పూట గిన్నెలో సగం తినేసింది.

తిన్నాక ఆమెకు ప్రేమ పొంగింది. మిగిలిన సగం పళ్లెంలో గుట్టగా పెట్టి, "చెంగయ్యా, నీకెంత ఇష్టమో నాకు తెలీదా? నా ఎదురుగ్గా తినాల్సిందే," అని మావ ముందుకు జరిపింది.

మావ పళ్లేన్ని చూశాడు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. "ఆహా" అనడానికి నోరు తెరిచాడు గానీ శబ్దం రాలేదు.

నేను గబుక్కున ఆ పళ్లెం లాక్కొని తినడం మొదలుపెట్టాను.

"సిగ్గు లేదంట్రా నీకు?" అమ్మ అరిచింది. మంచం పట్టిన పన్నెండు రోజుల తర్వాత ఆమె గొంతు వీధి చివరిదాకా వినబడింది. "పెద్దాయన ముందర కూడు లాక్కుంటావా? వెధవా!"

"పోనీలే అక్కా, చిన్నోడు," అన్నాడు మావ, తువ్వాలుతో నుదురు తుడుచుకుంటూ.

నేను తలొంచుకొని తిట్లూ ఇగురూ రెండూ కడుపునిండా తిన్నాను. చాలా బాగున్నాయి.