లాబీలో మల్లన్న పట్నం

రోహిణి ఎక్కడికి వెళ్లినా ముందు చూపుడువేలు మడిచి, దాని కణుపుతో ఎదురుగా ఉన్నదాన్ని మూడుసార్లు కొడుతుంది. గోడ కావచ్చు, బల్ల కావచ్చు, లిఫ్టు తలుపు కావచ్చు. కొట్టి, తల కొంచెం వంచి వింటుంది.

తాడిపత్రిలో ఆమె తండ్రి పెద్దన్న నల్లబండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బండను కొట్టి, లోపల పగులుందో లేదో చెప్పేవాడు. పగులున్న బండ బొంగురుగా పలుకుతుంది. ఒకసారి ఆయన వినకుండా వదిలేసిన బండ లారీకి ఎక్కిస్తుండగా రెండుగా విరిగి ఒక హమాలీ పాదం మీద పడింది. రోహిణికప్పుడు తొమ్మిదేళ్లు. హమాలీ కేక ఆమెకు అంతగా గుర్తులేదు. ఆ తర్వాత మూడు రోజులు తండ్రి ఎవరితోనూ మాట్లాడకపోవడం గుర్తుంది.

ఇప్పుడామెకు నలభై రెండు. చేసిన ప్రతి పనిలోనూ తనకు వినపడని పగులు ఒకటి ఉండే ఉంటుందన్న భయం ఆమెను విడిచిపెట్టలేదు.

నానక్‌రామ్‌గూడ పాత ఊరి సందులో, హార్డ్‌వేర్ దుకాణం పైన రెండు గదుల్లో ఆమె స్టూడియో. కొత్త కంపెనీలకు లోగోలు గీస్తుంది, వాళ్ల ఆఫీసుల లోపలి రూపం తీర్చిదిద్దుతుంది. వచ్చేవాళ్లందరిదీ ఒకటే కోరిక. అద్దాల మేడలో ఉంటున్నాం, లోపల మాత్రం ఈ ప్రాంతం కనపడాలి అంటారు. పోచంపల్లి చీర అంచును ఆమె లిఫ్టు తలుపుల మీదికి తెచ్చింది. చేర్యాల బొమ్మల ఎరుపును క్యాంటీన్ గోడలకు పూయించింది. నలుగురూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నప్పుడల్లా ఆమె వేలు దగ్గర్లో ఉన్న గోడను వెతుక్కునేది.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం, స్టూడియో ఎదురింట్లో మల్లన్న పండుగ చేశారు. పందిరి కింద, మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారులు నేల మీద పట్నం అనే ముగ్గు వేస్తున్నారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి, బొగ్గుపొడి. వేళ్ల సందుల్లోంచి జారే పొడితో గీతలు, గీతల మధ్య గళ్లు, అన్నిటికీ నడుమ ఒక చదరం. రోహిణి మూడు గంటలు కదలకుండా చూసింది. పూర్తయ్యాక ఫోటో తీసుకుంది. డోళ్లు మోగడం మొదలయ్యేసరికి ఎవరో క్లయింటు ఫోను చేస్తే మెట్లెక్కి వెళ్లిపోయింది. తర్వాత జరిగింది చూడలేదు.

ఆ ఫోటోలోంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి లోగో పుట్టింది. ఉద్యోగుల మెడల్లో కార్డుల మీదికి, నీళ్ల సీసాల మీదికి ఎక్కింది. చివరికి లాబీ నేల మీద ఇరవై అడుగుల పట్నమై పరుచుకుంది, అయిదు రంగుల రాళ్లతో. రాళ్లు పరిచిన మేస్త్రీ మొగిలిది వరంగల్ వైపు. మొదటిరోజు కాగితం విప్పి చూసి, "గిది రాయితోని ఏస్తున్నమా మేడం?" అని అడిగాడు.

"అవును. ఎన్నేళ్లయినా చెరిగిపోకూడదు" అంది రోహిణి.

అతను కాగితం మడిచి పనిలోకి దిగాడు. అది మెచ్చుకోలనుకుంది ఆమె.

శుక్రవారం లాబీ ప్రారంభోత్సవం. బుధవారం మధ్యాహ్నం ఆమె మొదటి అంతస్తు రెయిలింగు దగ్గర నిలబడి కిందికి చూస్తోంది. కార్డు మెడలో వేసుకున్నవాళ్లు పట్నం మీదుగా నడిచిపోతున్నారు. సెక్యూరిటీవాళ్లు, కుర్చీలు మోసే కూలీలు, మొక్కలకు నీళ్లు పోసే మనిషి, వీళ్లు మాత్రం అంచు దాకా వచ్చి చుట్టూ తిరిగి వెళ్తున్నారు. చుట్టూ నేల అద్దంలా మెరుస్తోంది. పట్నం మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. రోహిణి రెయిలింగును మూడుసార్లు కొట్టింది.

కంపెనీ బ్రాండ్ పనులు చూసే హర్షిణి కూడా ఆ దుమ్ము చూసింది. నలుగురు హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు ఆ నేల తుడవబోమంటున్నారని, రేపు పదింటికి వాళ్లను మార్చేస్తున్నామని రోహిణితో చెప్పి వెళ్లిపోయింది.

ఆ నలుగురిలో పెద్దది రాజమ్మ. జనగామ దగ్గరి ఊరు. ఆమె తండ్రి ఒగ్గు కథకు డోలు కొట్టేవాడు. రోహిణి ఆమెను సర్వీసు లిఫ్టు పక్కన పట్టుకుని, ఎందుకు తుడవరని అడిగింది. రాజమ్మ బకెట్టు కింద పెట్టింది.

"పట్నం ఏసేది దేవుని పిలిచెటందుకు. కథ అయినంక ఏసినోళ్లే దాన్ని తొక్కి చెరుపుతరు. నడుమ చెరిపితెనే ఆయన లేసి పోతడు. నువ్వు చెరగకుంట ఏసినవ్ గదమ్మా. ఆయన యాడికి పోవాలె?"

"ఇంతమంది దాని మీద నడుస్తున్నారు కదా రాజమ్మక్కా. తొక్కినట్టు కాదా?"

"తొక్కితె చెరగాలె."

 లోగో కూడా తప్పేనా అని రోహిణి మెల్లగా అడిగింది. మెడల ఏసుకుంటె ఏం గాదు, నేల మీదిదే లెక్క అంది రాజమ్మ. పక్కనున్న మరో హౌస్‌కీపింగ్ ఆమె నవ్వు ఆపుకుంటూ, ఈ బిల్డింగులో కార్డు గీకితే ఎవరికైనా గేటు తెరుచుకుంటుందని, ఆ మల్లన్నకొక్కనికే కార్డు ఇయ్యలేదని అంది. రాజమ్మ నవ్వలేదు.

"ఆయన కూసున్నంక నేను ముంగట చీపురు తిప్పలేను. పనిలకెల్లి తీసేస్తె తీసేయుండ్రి."

రోహిణి మెట్ల దగ్గరికి వెళ్లి హర్షిణికి ఫోను చేసింది. నేలలో ఒక పొరపాటు జరిగింది, ప్రారంభోత్సవం రెండు వారాలు వెనక్కి జరపగలరా అని అడిగింది. ఏం పొరపాటని హర్షిణి అడిగితే, డిజైన్‌లోనే ఉందని, ఆ ఆడవాళ్లను మార్చొద్దని మాత్రం అంది.

"రోహిణిగారూ, మీ స్టూడియో నుంచి వచ్చిన సొంత డిజైన్ అని మా బోర్డు ముందు మీరే చెప్పారు కదండీ. ఇప్పుడు పొరపాటు అంటే నేనేం చెప్పను? ఆ ఆడవాళ్ల సంగతి మీకెందుకండీ?"

రోహిణి సరేనంది. సరేనన్న తర్వాత కూడా ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది.

సాయంత్రం నల్లగండ్లలోని ఫ్లాట్‌కు వచ్చి, దీపం వేయకుండా కూర్చుంది. నేల తవ్విస్తే తన పేరు ఈ ఐటీ కారిడారంతా పాకుతుంది. ఆమె వేసిన నేల తవ్వాల్సి వచ్చిందట అంటారు. తర్వాత ఎవరూ స్టూడియో మెట్లెక్కి రారు. ఆ భయానికి ఆకారం ఉంది, దాన్ని ఆమె ఎరుగును. దాని వెనకాల ఇంకొకటి ఉంది. దేవుళ్ల విషయంలో తనకు పెద్ద పట్టింపు లేదనుకునే మనిషి ఆమె. అయినా ఖాళీ లాబీ, ఆ నడిమి చదరం, అందులో లేవలేక కూర్చున్న ఎవరో కళ్ల ముందు నుంచి కదలడం లేదు. రాజమ్మ మాటను నవ్వి తోసేయాలని చూసింది. పెదాలు కదిలాయి, నవ్వు రాలేదు.

ఫోనులో పాత ఫోటో వెతికి తీసింది. డిజైన్ కోసం అంచులు కత్తిరించని ఫోటో. ఎడమ మూలన ఒక పూజారి పీట మీద కూర్చుని కాళ్లకు గజ్జెలు కట్టుకుంటున్నాడు. పట్నం తొక్కడానికి లేవబోతున్నాడు. రెండేళ్ల కిందట ఆమె ముందుగా కత్తిరించేసింది అతన్నే.

మర్నాడు ఉదయం ఏడింటికి ఆమె మొగిలికి ఫోను చేసి, రాయి కోసే మిషను తీసుకుని రమ్మంది. అతను ఏ రాయి అని అడగలేదు.

ఎనిమిదింటికి సర్వీసు గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి వర్క్ పర్మిట్ కాగితం ఇచ్చాడు. శుక్రవారం దాకా ఆమెకు లోపల పనిచేసే అనుమతి ఉంది. పని కారణం అన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. 'నడిమి రాయి తీయడం' అని రాసి సంతకం పెట్టింది. అక్కడే నిలబడి హర్షిణికి మెసేజ్ పంపింది: ఇది నా సొంత డిజైన్ కాదు. మల్లన్న పట్నం. దాని పద్ధతి పూర్తిగా చూడకుండా వేశాను. నడుమ రాయి తీయిస్తున్నాను. తుడవని ఆడవాళ్ల తప్పు ఏమీ లేదు.

మిషను తిరిగింది. రాయి వేడెక్కకుండా ఎవరో నీళ్లు పోయాలి. రాజమ్మ బకెట్టు తెచ్చి అంచు దగ్గర పెట్టి వెనక్కి జరిగింది. రోహిణి మోకాళ్ల మీద కూర్చుని, మగ్గుతో బ్లేడు మీద నీళ్లు పోయసాగింది. ఎర్రటి బురద చీర కుచ్చిళ్ల మీద చిమ్మింది. పక్కన నేల మీద ఫోను మోగింది. హర్షిణి. రోహిణి ఎడమచేత్తో తీసింది.

"అవునండీ, ఆ చప్పుడు ఇదే. నేనే కోయిస్తున్నాను" అంది.  మగ్గు మళ్లీ బకెట్టులో ముంచింది.